పుష్యమాసంలో మామిడి వాసన

మా రసాయనశాస్త్ర విభాగంలో ఒక ఇనుప బీరువా ఉన్నది. పై నుంచి రెండవ అరలో, పాకాలకూ చిత్తూరుకూ నడుమనున్న ఒక పల్లె బావి నీటిని గురించి నేను సంతకం చేసిన నివేదికలు నెలల వరుసలో ఉన్నాయి. వాటిలో ఒక దానిలో 'వాసన' అనే గడికి ఎదురుగా 'అభ్యంతరకరం కాదు' అని నా చేతిరాత ఉన్నది. నియమం ప్రకారం ఆ మాట సరైనదే. ఆ నీటి విషయంలో అది తప్పు. నేను పోయిన తరువాత బీరువా తెరిచేవారికి ఆ గడి కనబడుతుంది గాని ఆ బావి కనబడదు. జ్ఞాపకాలు రాసే అలవాటు నాకు లేదు, వాటి మీద మోజూ లేదు. అయినా ఈ ఒక్క సంగతి రాసి ఉంచడం నా విధి అని భావించి రాస్తున్నాను.

తొంభైల చివరి సంవత్సరాల మాట. తిరుపతిలో నేను పనిచేస్తున్న విశ్వవిద్యాలయానికీ, ఆ ప్రాంతంలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకీ మధ్య ఒప్పందం కుదిరింది. ఫ్యాక్టరీ ఒక గుట్ట వాలులో ఉండేది. గుట్ట మీద పడిన వాన వంకగా దిగి, కింద చెరువులో చేరి, చుట్టుపక్కల పల్లెల బావులకు ఊటగా అందేది. గుట్ట కొన నుంచి బావి అడుగు వరకు ఉన్న ఆ నేలనంతా కలిసి కాపాడాలన్నది ఒప్పందం ఉద్దేశం. జీపు, పరికరాలు ఫ్యాక్టరీవి. మనుషులు, పరీక్షలు, సంతకం మావి. నెలకొకసారి ఏడు పల్లెల తాగునీటి బావుల నుంచి నీళ్లు తెచ్చి పరీక్షించాలి. ఏ బావి నీరైనా తాగడానికి పనికిరాదని మేము చెబితే, ఆ పల్లెకు ఫ్యాక్టరీయే వేరే చోటి నుంచి పైపు వేయించాలి. పనికివస్తుందని చెబితే పల్లెవాళ్లు ఆ నీళ్లే తాగుతారు. నివేదిక నకలు ప్రతి పల్లెలోనూ బడి గోడకు అంటించేవారు. ఆ విధంగా ఏడు పల్లెలు ఏ నీళ్లు తాగాలో నా కలం నిర్ణయించేది.

ఒప్పందం ముసాయిదా రాసినదీ నేనే. ఫ్యాక్టరీ తన మురికినీటిని వదలకూడని చోట్లను వరుసగా పేర్కొన్నాను: వంక, చెరువు, పొలం, రోడ్డు పక్క కాలువ. నాలుగింటికీ సంఖ్యలు వేశాను. మూడుసార్లు చదివి, అందులో ఒక్క మాట కూడా అదనంగా లేదని తృప్తి పడ్డాను. తక్కువైనది ఏమైనా ఉన్నదా అని చూడలేదు.

పరీక్ష ఫలితాలు రాసే పట్టికను కూడా నేనే తయారు చేశాను. నా కింద పనిచేసేవారు ఇష్టం వచ్చినట్లు వర్ణనలు రాయడం నాకు గిట్టదు. అందుకని వాసన గడిలో రాయదగిన మాటలు మూడే అని నిర్ణయించాను: 'లేదు', 'అభ్యంతరకరం కాదు', 'అభ్యంతరకరం'. ఈ మూడింటిలో ఇమడని వాసన ఈ లోకంలో ఉండదని నా నమ్మకం.

ఏడింటిలో అయిదవ బావి ఒక వృద్ధ రైతుది. పల్లెలో తక్కిన బావులన్నీ ఉప్పునీళ్లు కావడం వల్ల ఊరంతా ఆయన బావి నీళ్లే తాగేవారు. ఆయన చేనుకు కంచె ఉన్నా దానికి తలుపు పెట్టలేదు.

"మా నాయన తవ్వించిన బాయి అయ్యోరూ ఇది. ఈ నీళ్లకు కందిపప్పు ఎంత బిరీన ఉడుకుతాదో మా ఆడోళ్లను అడగండి," అని మొదటి రోజే చెప్పినాడు.

"అడగనక్కరలేదు. కఠినత తక్కువ కాబట్టి ఉడుకుతుంది," అన్నాను.

"అదేలే. మీరు సీసాలో సూస్తారు, మేము కుండలో సూస్తాము. రెండూ ఒగటే."

బావికి ముప్పై అడుగుల దూరంలో ఒక ఎండిన బోరు ఉండేది. పూర్వం అక్కడ ఒక మామిడి చెట్టు ఉండేదట. రైతు తల్లి కాపురానికి వచ్చిన కొత్తలో నాటిన చెట్టు. కరువు ముదిరిన ఏడు, నీళ్లు చూసేవాడొకడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచినాడు. సరిగా ఆ చెట్టు మొదట్లో కాయ నిలువుగా లేచి నిలబడింది. చెట్టు కొట్టి బోరు వేశారు. ఎంత లోతుకు పోయినా తెల్లటి రాతిపొడి తప్ప చుక్క నీరు రాలేదు. ముసలామె ఆ నెల దాటకుండా పోయింది. ఆ తరువాత బోరు నోటి మీద ఒక పలక రాయి పెట్టి వదిలేశారు.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం మేము వెళ్లినప్పుడు ఆ రాయి చుట్టూ పసుపు, కుంకుమ, కాలిన కర్పూరపు మసి కనిపించాయి. మనుషులు లేని చేనులో ఎవరో పెదవులు బిగించి గాలి ఊదినట్లు సన్నని శబ్దం వినబడుతున్నది. గాలి లేదు. చెరకు ఆకు కదలడం లేదు. శబ్దం రాయి కింద నుంచి వస్తున్నది.

మా ప్రయోగశాల సహాయకుడు పాకాల మనిషి, నాతో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవాడు. అతడు సీసాల పెట్టె కింద పెట్టి, "బోరు గురక పెడతా ఉండాది సార్," అన్నాడు నవ్వుతూ. రెండు అడుగులు దగ్గరికి వేసి ఆగిపోయినాడు. అతడి ముఖంలో నవ్వు పోయింది. "సార్, ఒకసారి ఇట్లా రాండి."

వెళ్లాను. బాగా మాగిన మామిడిపండు వాసన. చేతితో పట్టుకోగలిగినంత చిక్కగా, రాయి చుట్టూ మోకాలి ఎత్తు వరకు నిలిచి ఉన్నది. పుష్యమాసంలో ఆ జిల్లాలో ఏ చెట్టుకూ కాయ ఉండదు. పూత కూడా అప్పటికి సరిగా రాలేదు.

రైతు భార్య బావి గట్టు దగ్గర నుంచి మమ్మల్ని చూస్తున్నది. బక్కపలచని మనిషి, మాట మెత్తన.

"మా అత్త వచ్చిందయ్యా," అన్నది.

"ఎవరు?"

"మా అత్త. చెట్టు కొట్టొద్దని ఆయమ్మ ఒక మాట అన్లేదు. ఆ పొద్దు కూడు ముట్టలేదు, అంతే. ఇప్పుడు ఊపిరి తీస్తా ఉండాది సూడండి. బాయి నీళ్లల్లో గూడా ఆ వాసనే. నేను పొద్దున్నే పరగడుపున ఒక చెంబు తాగి, ఆమైన ఇంట్లోకి తీసకపోతా."

ఇటువంటి మాటలను ప్రోత్సహించరాదని నా ఉద్దేశం. ఎండిన బోర్లలో గాలి ఒత్తిడి మారినప్పుడు శబ్దం రావడం సహజమని ఆమెకు వివరించాను. ఆమె చివరి వరకు వినయంగా విని, "అట్లనా అయ్యా," అని, వంగి కొత్త కర్పూరం వెలిగించింది.

బావి నీటిలో కూడా ఆ వాసన ఉన్నది, చాలా పలచగా. సీసా మూత తీసిన క్షణంలో తెలిసి, వెంటనే పోయేది. ప్రయోగశాలలో తక్కిన గడులన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. ఫ్లోరైడు ఎంతో తక్కువ. మా జిల్లాలో మేము భయపడేది దానికే. వాసన గడి దగ్గరికి వచ్చేసరికి సహాయకుడు కలం ఆపినాడు.

"ఏం రాయమంటారు సార్?"

"దుర్వాసనా?"

"కాదు సార్. మామిడిపండు."

"మామిడిపండు వాసనకు అభ్యంతరం చెప్పేవాడు మన జిల్లాలో ఉన్నాడా?"

"లేడు సార్. అయితే పుష్యంలో వస్తే..."

"ఆ గడిలో మాసం పేరు అడగలేదు."

కలం తీసుకుని నేనే రాశాను. సంతకం చేశాను. నకలు బడి గోడకు చేరింది.

తరువాతి నెలకు మేము వెళ్లేసరికి బావి రంగు మారింది. నీరు తేరుకునే ఉన్నది గాని, గట్టు రాళ్లకు లోపలి వైపున జారుడుగా, గంజి తొరక వంటిది పట్టింది. చేంతాడు తడిసిన మేర నల్లబడింది. తొట్టిలో పోసిన నీళ్ల దగ్గర ఒక ఎనుము తల వంచి, మూతి ఆనించకుండానే వెనక్కి తీసి, మా వైపు చూస్తూ నిలబడింది.

"ఎనిమిది దినాలుగా ఇదే వరస అయ్యోరూ," అన్నాడు రైతు. "వంక గుంట కాడికి తోలుకోని పోతే తాగతాది. ఈడ ముట్టదు. ఎనుముకు సదువు రాదు గదా, బడి గోడ మింద మీ సంతకం సదివినట్టు లేదు."

ఎత్తిపొడుపు నాకు అర్థమైంది. ఊరిలో నలుగురైదుగురికి కడుపులో బాగుండడం లేదని ఆయనే చెప్పినాడు. ఆయన భార్య అరుగు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పక్కన చెంబు ఉన్నది.

"మీరు ఈ నీళ్లు తాగడం ఆపండి," అన్నాను.

"బాగుండాదని మీరే రాసినారు గదయ్యా," అన్నది ఆమె నిదానంగా. "మా అత్త నీళ్లు నాకేం జేస్తాయి."

నేను బోరు దగ్గరికి వెళ్లాను. శబ్దం లేదు. పలక రాయికీ ఇనుప గొట్టానికీ మధ్య వేలు పట్టేంత సందు ఉన్నది. అరచేయి అక్కడ పెట్టాను. చల్లగా ఉన్నది. ఎంతసేపు అట్లా నిలబడ్డానో చెప్పలేను. అంతలో లోపల ఎక్కడో, చాలా లోతున, గొంతు సవరించుకున్నట్లు ఒక గురగుర వినబడింది. తరువాత నా అరచేతిని వెచ్చని, తడి ఊపిరి తాకింది. ఒక పెద్దమనిషి నా చేతిని ముఖం దగ్గరికి తీసుకుని ఊపిరి వదిలితే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నది. దానితో పాటు మాగి, మురగబోతున్న మామిడి వాసన. చేయి వెనక్కి తీసుకుని, ధోవతి అంచుకు రెండుసార్లు తుడుచుకున్నాను. సహాయకుడు చూడలేదని నిర్ధారించుకున్నాను. తరువాత, అలవాటు కొద్దీ, గడియారం చూసి చిన్న పుస్తకంలో రాసుకున్నాను. మూడు గంటల పది నిమిషాలు.

ఆ రోజు తిరుపతికి తిరిగి వచ్చాను గాని మనసు నిలవలేదు. నా ఉద్యోగ జీవితంలో నిర్ణయించిన తేదీకి ముందుగా ఒక చోటికి వెళ్లడం అంతకుముందు లేదు. మరునాడు వెళ్లాను.

రైతు ఇంటికి తాళం వేసి ఉన్నది. ఆయన ఒక్కడే బావి దగ్గర కూర్చుని ఉన్నాడు. తెల్లవారుజామున వాంతులు ఎక్కువై భార్యను కొడుకు మొదటి బస్సులో చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయినాడట. వేరే ఇళ్లవాళ్లు ఇద్దరు కూడా అదే బస్సులో పోయినారట.

"మీరు పోలేదా?" అని అడిగాను.

"నేను పోతే బాయి కాడ ఎవురుండేది అయ్యోరూ? తలుపు లేదు. తెలియక ఎవురన్నా వచ్చి చేదుకుంటారు. ఇది మంచిదా, చెడ్డదా? ఒక మాట చెప్పండి. నేను ఊరికి చెప్పల్ల."

నిన్న తెచ్చిన సీసాల ఫలితాలు ఇంకా పూర్తి కాలేదు. మూడు మాటలు రాసుకున్న నా పట్టిక ఆ ప్రశ్నకు ఏ విధంగానూ ఉపయోగపడలేదు. "కొంచెం ఆగండి," అన్నాను. ఇద్దరమూ బోరుకు ఎదురుగా కూర్చున్నాము. ఎండ ఇంకా చురుక్కుమంటున్నది. కర్పూరపు మసి మీద చీమలు తిరుగుతున్నాయి. గుట్ట అవతల నుంచి ఫ్యాక్టరీ కూత వినబడింది. గడియారం మూడు చూపింది.

కూత ఆగింది. నేను గడియారం ముల్లునే చూస్తున్నాను. పది నిమిషాల గీత దగ్గరికి ముల్లు రాగానే, నిన్నటి గురగుర. రాయి కదిలినట్లు అనిపించింది. సందులో నుంచి ఊపిరి వచ్చి, ఎదుట ఉన్న పసుపు పొడిని మా కాళ్ల మీదికి ఊదింది.

రైతు కళ్లు మూసుకుని, "అమ్మా," అన్నాడు.

నాకు మాత్రం ఆ క్షణంలో భయం పోయింది. ఆత్మలను నేను నమ్మను. నమ్మేవారు కూడా అవి రోజూ ఒకే నిమిషానికి హాజరవుతాయని చెప్పగా నేను వినలేదు. వేళ తప్పకుండా హాజరయ్యేది ఉద్యోగి. కూత కూసిన పది నిమిషాలకు, ఉదయపు షిఫ్టు మనుషులు దిగి కొత్తవారు పనిలోకి వచ్చేసరికి, ఆ గుట్ట అవతల ఎవరో ఏదో చేస్తున్నారు. జీపు ఎక్కి నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లాను.

అక్కడి మేనేజరు కాట్పాడి వైపు నుంచి వచ్చిన యువకుడు. మర్యాదస్తుడు. నా ఒప్పందాన్ని చట్రం కట్టించి తన గదిలో గోడకు తగిలించుకున్నవాడు.

"రాండి సార్. చెప్పకుండా వచ్చినారే. కాపీ తాగతారా?"

"మీ మురికినీళ్లు ఎక్కడికి పోతున్నాయి?"

అతడు దాచలేదు. దాచవలసింది ఉన్నదని అతడికి తెలియదు. ఎంతో ఉత్సాహంగా డ్రమ్ముల షెడ్డు వెనక్కి తీసుకుపోయినాడు. సీజనులో మిగిలిన తొక్కలు, టెంకలు నానిన రసం ఒక గుంటలో నిల్వ ఉన్నది. తొట్లు కడిగిన వేడినీళ్లు కూడా అందులోకే వస్తున్నాయి. గుంట నుంచి ఒక పైపు, పక్కనే ఉన్న పాత ఎండిన బోరులోకి దిగింది. రోజూ మూడు గంటల షిఫ్టు రాగానే మోటారు వేస్తారట.

"ఒక్క చుక్క గూడా వంకలో పడలేదు సార్. చెరువులో లేదు, పొలంలో లేదు, రోడ్డు కాలవలో లేదు. మీరు రాసిన నాలుగూ పక్కాగా పాటిస్తా ఉండాము. లోపలికి పోతే భూమే వడగట్టేస్తాది గదా సార్."

మోటారు ఇంకా నడుస్తున్నది. నేను ఆ బోరు నోటి దగ్గర చెవి పెట్టాను. నీళ్లు పడుతున్న శబ్దం వినబడింది. అవి అడుగుకు చేరిన శబ్దం మాత్రం ఎంతసేపు విన్నా వినబడలేదు. మా నేలలో బండరాయి నిండా నెర్రెలు ఉంటాయి. ఒక బోరులో నీళ్లు పోస్తే, అదే నెర్రె మీద ఉన్న మరొక బోరు గాలిని పైకి కక్కుతుంది. ఆ సంగతి నేను విద్యార్థులకు చెప్పిన పాఠమే. బోరు అనే మాట నా నాలుగింటిలో లేదు.

"మోటారు ఆపండి," అన్నాను. అతడు నా ముఖం చూసి, ఎందుకని అడగకుండా ఆపించినాడు.

పొద్దు గుట్ట వెనక్కి వాలకముందే పల్లెకు తిరిగి వచ్చాను. రైతుకు జరిగింది వరుసగా చెప్పాను. పట్టికలో వాసన గడి సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"అయితే ఆడ ఉన్నది మా యమ్మ కాదు."

"కాదు."

"బాయి ఇంక పనికిరాదు."

"పనికిరాదు."

ఆయన లేచి, కంచె నుంచి రెండు తుమ్మ కంపలు లాగి తెచ్చి, తండ్రి తవ్వించిన బావి నోటి మీద అడ్డంగా వేసినాడు. ఆ సీమలో ముళ్లకంప వేసిన బావి దగ్గరికి చదువు లేనివాడు కూడా రాడు. అది నా నివేదికల కంటే స్పష్టమైన అక్షరం. మూడవ కంప వెయ్యడానికి నేను చేయి సాయం పట్టాను. ముల్లు గుచ్చుకున్నది.

ఆయన భార్య పది రోజులకు ఇంటికి వచ్చింది. తక్కిన ఇద్దరూ కోలుకున్నారు. ఒప్పందంలో అయిదవ అంశంగా బోర్లను చేర్చాము. వాసన గడిలో మూడు మాటల నియమం ఎత్తివేశాను. ఫ్యాక్టరీ ఆ వేసవిలోనే పల్లెకు పైపు వేయించింది. నేను నా పొరపాటును వివరిస్తూ సవరణ నివేదిక రాసి ఇచ్చాను. అది వేరే ఫైలులో చేరింది. పాతది బీరువాలో వరుసలోనే ఉండిపోయింది. రెండు వేల సంవత్సరం దాటిన తరువాత ఒకటి రెండుసార్లు ఆ బావి నీళ్లు పరీక్షించాము. అన్ని గడులూ శుద్ధంగా వచ్చాయి. అయినా కంప తీయమని నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

ఇక్కడితో ముగించగలిగితే నాకు ఎంతో నెమ్మది. ఒక సంగతి మిగిలింది. ఉద్యోగ విరమణకు ముందు చివరిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు, రైతు భార్య నాకు మజ్జిగ ఇచ్చి, పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడుతూ ఇట్లా అన్నది:

"కార్తీక పున్నమి నాడు ఆ రాయి కాడ దీపం పెట్టినానయ్యా. గాలి లేదు. దీపం పక్కకి వాలింది, ఎవురో ఊదినట్టు. ఆ పొద్దే మొదట వాసన వచ్చింది."

"కార్తీకమా? మార్గశిరం కాదా?"

"పున్నమి నాడు దీపం పెట్టింది మర్చిపోతానా సామీ."

తిరుపతికి వచ్చి నా కాగితాలు తీశాను. ఫ్యాక్టరీ రిజిస్టరు నకలు నా దగ్గర ఉన్నది. బోరులోకి పైపు దించినది మార్గశిరం మొదటి వారంలో. అంతకు ముందు ఆ గుంట రసం ట్యాంకరులో వేరే చోటికి పోయేది. రిజిస్టరు మాట నిజమైతే, పున్నమికీ పైపు దించిన రోజుకూ మధ్య ఉన్న రెండు మూడు వారాలలో ఆ బోరు ఎవరి ఊపిరి వదిలింది? ఆమె తిథి మరచి ఉండవచ్చు. రిజిస్టరు రాసినవాడు తేదీ తప్పు వేసి ఉండవచ్చు. ఒకప్పుడైతే నేను మరుక్షణమే రిజిస్టరు పక్షాన నిలబడేవాడిని. ఇప్పుడు ఆ గడిని ఖాళీగా వదిలి ఉంచాను.

నా వయసులో జ్ఞాపకం మీద పూర్తిగా ఆధారపడరాదు. మాసాల లెక్కలో, చెప్పిన మాటల వరుసలో, నేలను గురించి నేను చేసిన ఊహలో తప్పులు ఉండవచ్చు. ఆ పల్లెలో ఆ శీతాకాలం ఉన్నవారు, ఆ ఫ్యాక్టరీలో మోటారు వేసిన చేతులు, నా వద్ద చదివి ఇప్పుడు నా కంటే ఎక్కువ తెలిసినవారు దీనిని చదివితే, నా పొరపాట్లను మొహమాటం లేకుండా సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. ముఖ్యంగా, ఆ కార్తీకంలో ఆ రాయి పక్కన ఎవరైనా నడిచి ఉంటే, వాసన ఉన్నదో లేదో, ఉంటే అది ఎటువంటిదో, తమ సొంత మాటల్లోనే తెలియజేయగలరు.